గుండమ్మ ఇంట గెలుపు ఎవరిది?

విజయా సంస్థ నిర్మించగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1962లో విడుదలైన 'గుండమ్మ కథ' తెలుగు హాస్యచిత్రాలలో మేటి అన్న ప్రశంస ఆరు దశాబ్దాలు దాటినా నిలిచి ఉంది. అయితే నేడు దానిని చూచేవారి అభిప్రాయాలు ఏకరీతిగా లేవు. ఇద్దరు అన్నదమ్ములు మారుపేర్లతో, బొంకులతో ఇద్దరు యువతుల మనసులు దోచుకొన్న వైనం కొందరికి నిర్మలమైన వినోదం. మరికొందరికి అది స్త్రీని వంచించడాన్నే శృంగారంగా చూపిన అపచారం. మొదటివారు ప్రశ్నను సహించరు. రెండవవారు చిత్రాన్నే సహించరు. ఈ రెండు వైఖరులూ సమంజసం కావు.

తెలుగుదేశానికి దూరంగా ఉన్న తెలుగువారి ఇళ్ళలో ఈ వివాదానికి మరింత ప్రాధాన్యం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌నే తీసుకోవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఉద్యోగరీత్యా వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 1931లో రాయపూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్రతో రాకపోకలు సుగమమయ్యాయి. ఆ పట్టణపు సదర్ బజారులో బేరసారాలు హిందీలో, ఛత్తీస్‌గఢీలో సాగుతాయి. బడి చదువు హిందీలోనో ఇంగ్లీషులోనో. అక్కడ పెరిగే పిల్లలకు తెలుగు నుడికారం అందేది ప్రధానంగా ఇంటి పెద్దల మాటలోను, పాత సినిమాలోను. డి.వి. నరసరాజు సంభాషణలు, సూర్యకాంతం గద్దింపు, రమణారెడ్డి కుటిల వినయం వారికి భాషాపాఠాలే. ఆ పాఠంతో పాటు స్త్రీపురుష సంబంధాలను గురించిన భావాలు కూడా వారి మనసుల్లో నాటుకొంటాయన్న సంగతి విస్మరించరాదు.

"ఆ కాలం అటువంటిది" అనేది చిత్రాభిమానుల ప్రధాన వాదం. ఈ వాదం నిలువదు. ఆ కాలంలోనే చిత్రంపై ఏకాభిప్రాయం లేదు. విడుదలకు ముందే చూచిన కొందరు కథలో బలం లేదని పెదవి విరిచారు. శతదినోత్సవాలు జరుపుకొన్న తరువాత ఆ మాటలు మరుగున పడ్డాయి. అంతేకాదు, ప్రశ్నను చిత్రమే లేవనెత్తింది. నిక్కరు తొడిగిన అంజి రుబ్బురోలు ముందు కూర్చొని స్త్రీల మేలుకొలుపును గూర్చి పాడతాడు. మేలుకొన్న స్త్రీని కీర్తించే ఈ చిత్రమే సరోజ గర్వమణచి, గుండమ్మ నోరు కట్టించి, కథకు మంగళం పాడుతుంది. పింగళి నాగేంద్రరావు పాటకూ కథ ముగింపుకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపడం చిత్రానికి ద్రోహం చేయడం కానేకాదు.

ఇక చిత్రాన్ని త్రోసిపుచ్చేవారు రెండు ప్రణయాలను ఒకే గాటకట్టుతున్నారు. ఎన్.టి. రామారావు ధరించిన అంజి జమీందారు బిడ్డ అయి ఉండీ పనివానిగా దిగివచ్చి, సవతి తల్లి ఇంట లక్ష్మి చేసే చాకిరీలో పాలుపంచుకొంటాడు. అతడు దాచింది తన సంపదను. ఆమెకు చూపింది తన స్వభావాన్ని. అక్కినేని నాగేశ్వరరావు ధరించిన రాజా దారి వేరు. అతడు మాటకారితనంతో సరోజను గెలిచి, పెళ్ళి తరువాత పేదవానిగా నటించి ఆమెను తోటపనికి తీసుకుపోతాడు. ఇది భార్యకు తెలియకుండా భర్త పెట్టిన పరీక్ష. పథకం తండ్రీకొడుకులది, శిక్ష ఆమెది. శ్రమ గౌరవం తెలియజెప్పడం మంచిదే, కాని ఆ పాఠం మోసం ద్వారా చెప్పవలసిన అవసరం ఏమిటి? అంజిని చూచి నవ్వినంత నిశ్చింతగా రాజాను చూచి నవ్వలేమని ఒక యువతి అంటే, ఆమెకు హాస్యరసం తెలియదని ఆక్షేపించడం అన్యాయం.

ఇటువంటి చిక్కు తెలుగు చిత్రాలకే పరిమితం కాదు. యువతులను వశపరచుకొనే నేర్పు చుట్టూ అల్లిన రిచర్డ్ లెస్టర్ ఆంగ్ల హాస్యచిత్రం 'ది నాక్' 1965లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందింది. అందులో అత్యాచారాన్ని పరిహాసవస్తువుగా వాడుకొన్న తీరు నేటి ప్రేక్షకులకు మింగుడుపడటం లేదు. అయినా ఆ చిత్రాన్ని ఎవరూ తగులబెట్టనక్కరలేదు, బహుమతిని చూపి విమర్శకుల నోరు మూయించనూ అక్కరలేదు.

'గుండమ్మ కథ'ను పిల్లలకు చూపకుండా దాచితే, బిలాస్‌పూర్ వంటి చోట్ల వారికి దక్కే కొద్దిపాటి తెలుగు సొంపు కూడా దూరమవుతుంది. ప్రశ్నించరాదని శాసిస్తే, తెలుగు అంటే తలవంచి వినవలసిన భాష అని వారు తలచే ప్రమాదం ఉంది. ఇద్దరు అగ్రనటులు నటించిన చిత్రానికి ఒక గయ్యాళి విధవరాలి పేరు పెట్టగలిగిన సాహసం ఆ నిర్మాతలది. గుండమ్మ చేసిన తప్పు ఏమిటి, ఆమెకు జరిగిన అన్యాయం ఏమిటి అని మనుమరాలు అడిగినప్పుడు తెలుగులోనే సమాధానం చెప్పవలసిన బాధ్యత పెద్దలది.