పాట ఎవరిది? – 6 : సొరబుర్రకు రంగు లేదంటారా?

"కళకు కులం లేదు, పాటకు రంగు లేదు." ఈ మాట ఎవరు, ఎప్పుడు అంటారో గమనించండి. పాట తమ చేతికి వచ్చాకే అంటారు. మన దగ్గరున్నంత కాలం దానికి కులం ఉంటుంది. డప్పు మన భుజాన ఉంటే మైల. అదే డప్పు సినిమాలో హీరో భుజానికెక్కితే జానపదం.

పోయిన భాగంలో బ్లూస్ గురించి రాశాను. ఈసారి అమెరికాలో తెల్లవాళ్ళ పల్లె పాటగా చెలామణి అవుతున్న కంట్రీ మ్యూజిక్ సంగతి. మనకెందుకా గొడవ అంటారా? 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ని చూసే. నల్లవాళ్ళ పోరాటం నుంచి పేరు తెచ్చుకున్నోళ్ళం, వాళ్ళ పాటను ఎట్లా గుంజుకున్నారో కూడా తెలుసుకోవాలి.

ముందు పాట సంగతే చూద్దాం. మంచి కంట్రీ పాట గుండెకు ఎందుకు తగులుతుంది? గిటార్ మీద మూడు కార్డ్స్, ఇంత నిజం ఉంటే చాలని నాష్‌విల్ రచయిత హార్లన్ హోవార్డ్ చెప్పినట్టు ప్రచారంలో ఉంది. మాట బాగుంది. మూడు కార్డ్స్ నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. మరి ఆ నిజాన్ని ఏ కొట్టులో అమ్ముతారు?

మెర్ల్ ట్రావిస్ 1946లో రికార్డు చేసిన 'సిక్స్‌టీన్ టన్స్' వినండి. ఆయన కెంటకీ బొగ్గు గనుల ప్రాంతం మనిషి. తండ్రి గనిలో పనిచేశాడు. అక్కడ చాలా కంపెనీలు కూలిని డబ్బుగా ఇచ్చేవి కావు, తమ దుకాణంలో మాత్రమే చెల్లే టోకెన్లుగా ఇచ్చేవి. ఎంత తవ్వినా దుకాణం బాకీ తీరేది కాదు. ఆ పాటలో 'దోపిడీ' అనే మాటే లేదు. తూకం ఉంది, బాకీ ఉంది. అంతే. జీతగాడి లెక్కలు, నాగు వడ్డీలు చూసిన మన ఇళ్ళల్లో ఆ పాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

డాలీ పార్టన్ పాడిన 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' 1971లో వచ్చింది. గుడ్డ పీలికలతో అమ్మ కుట్టిన కోటు, బడిలో దాన్ని చూసి నవ్విన పిల్లలు. పేదరికం మనం అనుకుంటేనే ఉంటుందన్నట్టు చివర్లో చేసే సర్దుబాటును నేను ఒప్పుకోను. కానీ ఆ కోటు అబద్ధం కాదు. లొరెట్టా లిన్ 1975లో గర్భనిరోధక మాత్ర మీద 'ది పిల్' పాడితే ఎన్నో రేడియో స్టేషన్లు వెయ్యమన్నాయి. స్త్రీల హక్కుల మీద ఉపన్యాసమైతే వేసేవాళ్ళేమో. కని కని విసిగిపోయిన ఇల్లాలు మొగుడితో నేరుగా లెక్క తేల్చుకుంటుంటే భయపడ్డారు.

పాట బలం ఇక్కడుంది. వస్తువు, తూకం, బాకీ, అవమానం జరిగిన చోటు. పాట రాసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ మాట చెప్పాలి. ఎర్రసూరీళ్ళు, రక్తపుటేర్లు మన పాటల్లో చాలానే పారాయి. హాస్టల్ మెస్ బిల్లు ఎంత, స్కాలర్‌షిప్ ఎన్ని నెలలుగా రాలేదు, టీసీ ఇవ్వకుండా ఆపింది ఎవరు? అది రాయండి. నినాదం వినేవాడి నోట్లోంచి దానంతట అదే వస్తుంది.

అయితే అసలు గొడవ ఇప్పుడు మొదలవుతుంది. కంట్రీ పాటలో ఉన్న ఆ నిజం ఎవరిది?

ఆ పాట గుర్తు బాంజో. బాంజో తెల్లవాళ్ళ కొండల్లో పుట్టలేదు. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, తమ ఊళ్ళ వాయిద్యాలను గుర్తుపెట్టుకొని, సొరబుర్రకు తోలు బిగించి చేసుకున్నది. తర్వాత తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకొని, ఆ బాంజోనే వాయిస్తూ నల్లవాళ్ళను ఎగతాళి చేసే నాటకాలాడి డబ్బు చేసుకున్నారు.

1920లలో రికార్డు కంపెనీలు వచ్చాయి. దక్షిణాది పల్లెల్లో నల్ల పేదలు, తెల్ల పేదలు ఒకే ఫిడేలు వరసలు వాయిస్తుంటే కంపెనీలు వాటిని రెండు కేటలాగులుగా చీల్చాయి. నల్లవాళ్ళు పాడితే 'రేస్ రికార్డ్స్', తెల్లవాళ్ళు పాడితే 'హిల్‌బిల్లీ'. అంబేడ్కర్ కులాన్ని శ్రామికుల విభజన అన్నాడు. ఇది పాటల మీద గీసిన అదే గీత.

కార్టర్ కుటుంబాన్ని కంట్రీకి ఆదిపురుషులంటారు. ఎ.పి. కార్టర్ పాటల కోసం ఊళ్ళు తిరుగుతుంటే వెంట నడిచింది లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టు. ఒక కాలు లేని మనిషి. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ వరసలు మనసులో పెట్టుకునేవాడు. రికార్డుల మీద పేరు మాత్రం కార్టర్‌దే. హాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు గిటార్ నేర్పింది అలబామా వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్. ఆ సంగతి హాంకే ఒప్పుకున్నాడు. పేన్ 1939లో పేదగానే పోయాడు.

డిఫోర్డ్ బెయిలీ కథ ఇంకా ఘోరం. నాష్‌విల్ రేడియోలో 1927లో 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే పేరు పుట్టిన రాత్రి మౌత్ ఆర్గాన్ వాయించినవాడు ఆయన. తోటి కళాకారులు దిగే హోటళ్ళలో ఆయనకు గది ఇచ్చేవాళ్ళు కాదు. 1941లో తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసి బతికాడు. 1982లో చనిపోతే, 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు. బతికుండగా బూటు పాలిష్, పోయాక పటానికి దండ. ఈ పద్ధతి మనకు కొత్తదా?

1966లో చార్లీ ప్రైడ్ తొలి రికార్డులను ఫొటో లేకుండానే పంపారు. ముందు గొంతు నచ్చాలి, రంగు తర్వాత తెలియాలి. 1969లో ఆప్రీ వేదిక మీద సోలోగా పాడిన తొలి నల్ల మహిళ లిండా మార్టెల్. ఆమె రికార్డులు వేసిన కంపెనీ పేరు 'ప్లాంటేషన్'. బానిసల తోట పేరే! 2019లో లిల్ నాస్ ఎక్స్ పాటలో కంట్రీ లక్షణాలు చాలవని బిల్‌బోర్డ్ ఆ జాబితా నుంచి తీసేసింది. లక్షణాలు తేల్చేది ఎవరు? సొరబుర్ర ఇచ్చినవాళ్ళు మాత్రం కాదు.

"తెల్ల పేదల బాధ బాధ కాదా?" అని అడగొచ్చు. బాధే. బొగ్గు పొడి ఊపిరితిత్తుల రంగు చూడదు. హిల్‌బిల్లీ అన్నదీ తిట్టే. కానీ ఆ తిట్టు తిన్నవాడికి తన పాటతో పెద్ద గుమ్మంలోంచి లోపలికి పోయే దారి దొరికింది. పాట నేర్పినవాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. నా కోపం పాట మీద కాదు. ఆ గుమ్మానికి కాపలా కాసేవాళ్ళ మీద.

ఇప్పుడు మన సొరబుర్ర దగ్గరికి రండి. కిన్నెరకూ బుర్రలే కడతారు. డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొంతు సినిమా టైటిల్ పాటలో మోగింది. 2024లో ఆయన కూలి పనిలో ఉన్న వీడియో దేశమంతా తిరిగింది. కళకు కులం లేకపోతే, పారకు ఎట్లా వచ్చింది?

అందుకే యూనివర్సిటీ మిత్రులకు ఒక మాట. మీ ఫెస్ట్‌కు డప్పు దళాన్ని పిలిస్తే పోస్టర్ మీద 'జానపద బృందం' అని రాసి చేతులు దులుపుకోవద్దు. ఒక్కొక్కరి పేరు రాయండి. డీజేకు ఎంత ఇస్తున్నారో వాళ్ళకూ అంత ఇవ్వండి. ఎవరిదైనా పాట పాడితే ముందు రాసినవాళ్ళ పేరు చెప్పి, తర్వాత పల్లవి ఎత్తండి. డబ్బుల్లేవని కమిటీ అంటే, డీజేను సగానికి మాట్లాడుకొమ్మనండి.

వచ్చే భాగం కిన్నెర మీద.

జై భీమ్.