గాయాన్ని మస్టరు చాటున దాచడాన్ని ఖండిస్తున్నాం

బొగ్గు గనుల్లో దెబ్బ తగిలిన కార్మికుడిని ప్రమాదాల లెక్కలోకి రాకుండా చేసి, మస్టరు (హాజరు) వేసి గని పైన కూర్చోబెట్టే పద్ధతిని మా సంఘం కార్యవర్గం తీవ్రంగా ఖండిస్తున్నది. బాయి మీద దీన్ని లైట్ జాబ్ అంటారు. పైకి చూస్తే కార్మికుడికి మేలు చేసినట్టే ఉంటుంది. జీతం పోదు, సెలవు పోదు. పోయేది అతని గాయం తాలూకు సాక్ష్యం.

1952 గనుల చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉండేది. గాయం వల్ల కార్మికుడు 72 గంటలు గానీ, అంతకు మించి గానీ పనికి రాలేని స్థితిలో ఉంటే దాన్ని నివేదించి తీరాలని అది చెప్పింది. ఎముక విరిగినా, చూపో వినికిడో శాశ్వతంగా దెబ్బతిన్నా అది తీవ్ర గాయమే. అయితే అతను పనికి వస్తూనే ఉన్నాడని కాగితం మీద చూపిస్తే ఆ గడువు ఎన్నటికీ నిండదు. గనుల భద్రతా డైరెక్టరేటుకు సమాచారం వెళ్లదు, విచారణ ఉండదు. ఏడాది చివర ఆ గనికి ప్రమాదాలు తగ్గాయన్న పేరు, రక్షణ పక్షోత్సవాల వేదిక మీద చప్పట్లు.

ఇటీవల మా దృష్టికి వచ్చిన సంగతి ఒకటి చెబుతాం. ఒక భూగర్భ గనిలో రెండో షిఫ్టున బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం దగ్గర పనిచేస్తున్న బదిలీ కార్మికుడి పాదం మీద బొగ్గు పెళ్ల పడింది. బూటు కోసి తీయాల్సి వచ్చింది. బొటనవేలి గోరు ఊడి, పాదం బూటు పట్టనంతగా వాచింది. మర్నాటి నుంచి అతను రబ్బరు చెప్పులతో వచ్చి, ల్యాంప్ రూము పక్క బెంచీ మీద కూర్చుని, షిఫ్టు దిగాక ఇంటికి పోయేవాడు. వాపు తగ్గేదాకా ఇదే వరస. గని పేరు, అతని పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే నష్టపోయేది అతనే.

ఆ పెళ్ల కప్పు నుంచి రాలిందా, పక్క గోడ నుంచి ఊడిందా? అక్కడ బోల్టు వేయని కప్పు ఎంత మేర ఉంది? ఆ షిఫ్టులో కప్పు తట్టి చూశారా? ఎవరూ అడగలేదు. కర్రతో తడితే గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. ఈ తేడా ప్రతి సర్దారుకూ తెలుసు. కూలబోయే కప్పు చాలాసార్లు ముందుగా పెచ్చులు రాలుస్తుంది. మొదటి పెచ్చు ఎవరి మీద పడిందో రాసుకోని గనిలో రెండోది ఎవరి మీద పడబోతుందో ఎట్లా తెలుస్తుంది?

సింగరేణి ప్రాంతంలో ఇది చదివే వాళ్లకు కొన్ని తేదీలు గుర్తుచేయనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో గోదావరిఖని (జీడీకే) 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. 2021 నవంబరులో శ్రీరాంపూర్ ఎస్ఆర్‌పీ-3 గనిలో నలుగురిని బలి తీసుకున్నదీ కప్పే. పాత రోజులతో పోలిస్తే చావులు తగ్గాయన్న మాట నిజమే, కాదనం. కానీ తగ్గింది నిజంగా ఎంత, కాగితం మీద ఎంత అన్నది తేల్చాలంటే గాయాల లెక్క నిక్కచ్చిగా ఉండాలి.

పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ ముందుగా వినబడే మాట కార్మికుడి నిర్లక్ష్యం. దీన్నీ ఖండిస్తున్నాం. ఒక్క ఉదాహరణ చూడండి. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఒకరు ఏరియా రక్షణ అధికారి, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. అధికారి అయినా, కాంట్రాక్టు కూలీ అయినా ఆ కప్పుకు ఒకటే.

కాంట్రాక్టు కార్మికుల సంగతి మరీ అన్యాయం. 2020 జూన్‌లో రామగుండం ఓపెన్‌కాస్టులో జరిగిన పేలుడులో చనిపోయిన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. పర్మనెంటు కార్మికుడికి దెబ్బ తగిలితే కనీసం బెంచీ అయినా దొరుకుతుంది. వీళ్లకు దెబ్బ తగిలితే మర్నాడు ఆ పనిలో ఇంకొకరు ఉంటారు.

లైట్ జాబ్ ఇప్పించడాన్ని తమ పలుకుబడిగా చెప్పుకునే నాయకులు అన్ని సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్లకూ ఈ ప్రకటన వర్తిస్తుంది.

దెబ్బ తగిలిన కార్మికుడు పని చేయగలడో లేదో తేల్చాల్సింది డాక్టరే తప్ప మేనేజరు కాదు. మస్టరు పడినా పడకపోయినా ప్రతి గాయాన్నీ, జరిగిన చోటుతో సహా రిజిస్టరులో రాయాలి. వంద మందికి మించి పనిచేసే ప్రతి గనిలో రక్షణ కమిటీ ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. ఆ కమిటీ ముందు ఈ రిజిస్టరును నెలనెలా పెట్టాలి. కాంట్రాక్టు కార్మికుల ప్రతినిధిని కూడా అందులో కూర్చోబెట్టాలి.

వచ్చే సోమవారం మొదటి షిఫ్టు వాళ్లు గనిలోకి దిగకముందే అన్ని గనుల మీద గేట్ మీటింగులు పెడుతున్నాం. దెబ్బ తగిలి లైట్ జాబ్‌లో ఉన్నవాళ్లు, గతంలో ఉన్నవాళ్లు తేదీ, షిఫ్టు, పనిస్థలం మా ప్రతినిధులకు రాసివ్వాలి. పేర్లు బయటపెట్టం. ఆ వివరాలన్నీ గనుల భద్రతా అధికారులకు లిఖితపూర్వకంగా అందజేస్తాం.

- సంఘం కార్యవర్గం