అమ్మ సంపాదనను నాన్న లెక్కలో కలపొద్దు



"మనకు ఇన్‌కమ్ ట్యాక్స్‌తో ఏం పని?" అని మీరు అడగొచ్చు. కానీ మన ఇళ్లల్లో కూడా మొదటి తరం టీచర్లు, నర్సులు, బీట్ ఆఫీసర్లు వస్తున్నారు. రేపు మీలో చాలామంది ఇళ్లల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తారు. అందుకే ఈ పోస్టు.

మన దేశంలో భర్త పన్ను భర్తదే, భార్య పన్ను భార్యదే. 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ, ఇష్టమున్న దంపతులు కలిసి ఒకే రిటర్న్ వేసుకునే వీలు ఇవ్వాలని కోరింది. వినడానికి బాగానే ఉంది. ఒకసారి లెక్క వేసి చూద్దాం.

పన్ను లెక్కకొచ్చే ఆదాయం భర్తకు 20 లక్షలు, భార్యకు ఏమీ లేదు అనుకోండి. 2025-26 కొత్త విధానం శ్లాబుల ప్రకారం ఆయన పన్ను 2 లక్షలు. దంపతులకు శ్లాబులు రెండింతలు చేస్తే అది 80 వేలకు దిగుతుంది (రిబేటు, సెస్సు పక్కన పెడదాం). ఇప్పుడు భార్యకు 4 లక్షల ఉద్యోగం వచ్చింది. విడిగా అయితే ఆమె కట్టాల్సింది సున్నా. కలిపితే ఇంటి పన్ను 1 లక్షా 20 వేలు. అంటే ఆమె జీతం మీద 40 వేలు పడ్డట్టే. "ఎందుకులే, ఇంట్లోనే ఉండు" అనే మాట అక్కడే మొదలవుతుంది. లాభమంతా ఒకే పెద్ద జీతం ఉన్న ఇంటికి. కూలికి పోయే మన అమ్మలకు దీనివల్ల ఒక్క రూపాయి కూడా రాదు.

జర్మనీలో 1958 నుంచి ఇలాంటి పద్ధతే ఉంది. భార్యలు పూర్తికాలం పనికి వెళ్లకుండా అది వెనక్కి లాగుతోందని ఓఈసీడీ చాలాసార్లు చెప్పింది. స్వీడన్ 1971లోనే ఎవరి పన్ను వారిదే అని మార్చేసింది.

"రెండు ఇళ్ల మొత్తం ఆదాయం ఒకటే అయితే పన్ను కూడా ఒకటే ఉండాలి కదా" అంటారు. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఇద్దరూ పనికెళ్లే ఇంట్లో పిల్లల్ని చూసేదెవరు? బస్సు ఖర్చులు ఎవరివి? ఆ రెండు ఇళ్లు సమానం కాదు.

ఇంకో మాట. అందరి ఆదాయం కలిపి లెక్కేస్తే ఏమవుతుందో మనకు ముందే తెలుసు. కేంద్రం ఇచ్చే ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. నాన్న సంపాదన ఆ గీత దగ్గర్లో ఉంటే, అమ్మ చిన్న జీతం తోడైతే చాలు, స్కాలర్‌షిప్ మొత్తం పోతుంది. కొంచెం తగ్గడం కాదు, మొత్తం! అమ్మ పనికి పోవడమే తప్పయినట్టు.

మేము అడిగేవి రెండే. భార్యాభర్తల పన్ను ఇప్పటిలాగే విడివిడిగా ఉండాలి. స్కాలర్‌షిప్ గీత దాటితే ఒకేసారి కోసేయకుండా మెల్లగా తగ్గించాలి.

ఆకు కోసి, ఇప్పపువ్వు ఏరి మనల్ని చదివించింది అమ్మలే. వాళ్ల కష్టం వాళ్ల పేరు మీదే ఉండాలి. మీ ఇంట్లో లెక్క ఎలా ఉందో కింద రాయండి, మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ!