జీవన వృక్షానికి నీళ్ళు పోసేదెవరు?

చేతివృత్తుల ప్రదర్శనల్లో మచిలీపట్నం కలంకారీ దుప్పటి పక్కన తరచుగా ఒక చిన్న అట్టముక్క కనిపిస్తుంది. జీవన వృక్షం సృష్టికీ సంతానానికీ సంకేతమనీ, పద్మం పవిత్రతకు, మామిడి పిందె సౌభాగ్యానికి గుర్తులనీ రాసి ఉంటుంది. చదివి మురిసిపోతాం. ఆ బట్టను నానబెట్టిన, జాడించిన, ఆరబెట్టిన స్త్రీ గురించి మాత్రం అందులో ఒక్క ముక్క ఉండదు. బట్ట మీద స్త్రీత్వం పూజలందుకుంటుంది. బట్ట వెనక స్త్రీ 'సాయానికి' వచ్చిన మనిషిగా మిగిలిపోతుంది.

'ఇది మన అనాది సంప్రదాయం, ఇందులో కూలి లెక్కలేమిటి' అంటారు. ఆ అనాదితనాన్నే కాస్త పరిశీలిద్దాం. కలంకారీ అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. శ్రీకాళహస్తిలో కలంతో పురాణగాథలు గీస్తే, బందరు, పెడనల్లో చెక్క అచ్చులతో లతలూ పూలూ అద్దారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ లతలకు పర్షియా అభిరుచి వంపులు దిద్దింది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ పెద్దలు ఎర్ర నేల వద్దు, తెల్ల నేల మీద పూలు కావాలని ఇక్కడి తమ ఏజెంట్లకు రాశారు. డచ్చి ఓడల్లో జపాన్ చేరిన మన తీరపు అద్దకాన్ని అక్కడ 'సరస' అన్నారు. 1721లో ఇంగ్లండు ఈ అద్దకం బట్టల వాడకాన్నే నిషేధించింది. సంకేతాలన్నీ బజారు చుట్టూ తిరిగినవే! కొనేవాడి ముచ్చట కోసం ఇన్నిసార్లు మారిన సంప్రదాయం, పనిచేసే ఆమె కూలి దగ్గరికి వచ్చేసరికే ఎందుకు బిగుసుకుపోతుంది?

'అద్దేవాడే కళాకారుడు, మిగతాది చాకిరీ' అన్నది రెండో వాదన. ఇది అబద్ధం. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండబెట్టాలి. ఎరుపుకు పటిక, నలుపుకు బెల్లంతో పులియబెట్టిన ఇనుము అద్దాలి. తర్వాత పారే నీళ్ళలో జాడించి, కాగులో ఉడకబెట్టాలి. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. జాడింపులోనో మంటలోనో తేడా వస్తే ఎంత గొప్ప అచ్చయినా మచ్చయిపోతుంది. ఇది నైపుణ్యం కాక మరేమిటి?

మన పక్కనున్న నర్సాపురం లేసు గురించి మరియా మీస్ 1982లోనే ఈ కుట్రను బయటపెట్టింది. గంటల తరబడి దారంతో పూలల్లిన ఆడవాళ్ళు లెక్కల్లో 'గృహిణులు', వాళ్ళ శ్రమ 'తీరిక వేళల పని'. సరుకు అమ్మినవాళ్ళు మాత్రం వ్యాపారులు. పితృస్వామ్యానికీ మార్కెట్‌కూ మధ్య ఇంత చక్కని సర్దుబాటు మరొకటి లేదు.

'కుటుంబమంతా కలిసి చేసే పనిలో వేరే కూలి ఎలా కడతాం?' అని అడుగుతారు. పొలంలో మగవాడికి, ఆడదానికి తక్కువ ఎక్కువలు కట్టడం తెలిసిన సమాజానికి ఈ లెక్క రాదా?

మన సంస్థల్నీ మనం ప్రశ్నించుకోవాలి. స్త్రీ సాధికారత పేరుతో స్టాళ్ళు పెట్టి, అవే అట్టముక్కలు తగిలిస్తున్నది మనం కాదా? ఇకనుంచి అట్టముక్క మీద పిందె అర్థంతో పాటు ఆ బట్టకు ఎవరు ఏ పని చేశారో, ఎంత ముట్టిందో రాద్దాం. చేతివృత్తిదారుల గుర్తింపు కార్డు ఆమె పేరున, కూలి ఆమె చేతికి రావాలని అడుగుదాం. అంతవరకూ ఆ చెట్టును జీవన వృక్షమని పిలిచే హక్కు మనకు లేదు.