పరీక్ష పత్రంలోని అంకె

సున్నపురాయి నిక్షేపాలు ఉన్నందున జగ్గయ్యపేట ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. అటు నందిగామ వరకు ఎన్నో కుటుంబాలకు అవి జీవనాధారం. దుమ్ములో పనిచేసేవారికి చేసే వైద్యపరీక్షలలో స్పైరోమెట్రీ ముఖ్యమైనది. కార్మికుడు నిండుగా ఊపిరి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదుతాడు. మొదటి సెకనులో ఎంత గాలి వదిలాడో యంత్రం కొలుస్తుంది. అదే వయస్సు, అదే ఎత్తు గల ఆరోగ్యవంతుల సగటుతో పోల్చి దానిని శాతంగా చూపుతుంది. 80 దాటితే సాధారణంగా ‘బాగుంది’ అంటారు.

ఆ మాటతో తృప్తిపడటం పొరపాటని నా అభిప్రాయం. పనిలో చేరిననాడు 110 శాతం ఉన్నవాడు కొన్నేళ్ళకు 88కి దిగాడనుకుందాం. పత్రం అప్పుడూ ‘బాగుంది’ అనే అంటుంది! కాని వయస్సుతో సహజంగా తగ్గేది పోగా, అతడు తన శ్వాసశక్తిలో ఐదోవంతు కోల్పోయాడు. రెండు పత్రాలను పక్కపక్కన పెడితేగాని ఈ నష్టం కనబడదు. సరిగా ఊదకపోయినా అంకె తగ్గుతుంది కనుక ఒక్క పరీక్షను చూసి ఎవరినీ పనికిరాడనడమూ అన్యాయమే.

అందుచేత పాత పత్రాలు కార్మికుని చేతిలో ఉండాలి. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన 41-సి సెక్షను, ప్రమాదకర ప్రక్రియలలో పనిచేసేవారి ఆరోగ్య వివరాలు నిబంధనలకు లోబడి వారికి అందుబాటులో ఉండాలన్నది. ఆ ప్రక్రియల జాబితాలో సిమెంటు పరిశ్రమ కూడా చేరింది. అయితే అందుబాటులో ఉండటం వేరు, చేతికి అందటం వేరు. గుత్తేదారు మారితే బస్తాలు మోసే కూలీ మళ్ళీ కొత్తవాడే. అతని మొదటి అంకెను ఏ బీరువాలో వెతకాలి?