వేదిక మీది వైవిధ్యము

సికింద్రాబాదునకు సంస్కృతిని ఏ సంస్థయు తెచ్చిపెట్టలేదు. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ దండు పట్టణమునకు సిపాయిల వెంట తెలుగువారు, తమిళులు, పార్సీలు, గుజరాతీలు, ఆంగ్లో ఇండియనులు వచ్చి స్థిరపడిరి. 1813లో కలరా ప్రబలినపుడు, ఉజ్జయినిలోనున్న సురిటి అప్పయ్య అను సైనికోద్యోగి మహాకాళికి మ్రొక్కుకొని, 1815లో ఇచట అమ్మవారిని ప్రతిష్ఠించెనని స్థలచరిత్ర. లష్కరు బోనాలకు మూలము ఆ మ్రొక్కే. ప్రాణభయమున పుట్టిన ఆచారమునకు ప్రేక్షకులతో పని లేదు.

ఇపుడు సాంస్కృతిక వైవిధ్యమును పోషించు భారమును విశ్వవిద్యాలయములు తలకెత్తుకొన్నవి. జంటనగరములలో ఇందుకు ముఖ్యమైన దృష్టాంతము హైదరాబాదు విశ్వవిద్యాలయము. దాని పుట్టుకయే ఒక పాఠము. 1969 తెలంగాణ ఉద్యమము, 1972 జై ఆంధ్ర ఉద్యమము చెలరేగిన పిదప, 1973 నాటి ఆరుసూత్రముల పథకమున అది భాగమైనది. అందుకై రాజ్యాంగమున 371-ఇ అధికరణమును చేర్చిరి. ఒకే భాష నాడువారి నడుమనే పొత్తు కుదరని దినములలో ఆ విద్యాలయము అవతరించినది. 1974లో దానికి తొలి నీడ నిచ్చినది నాంపల్లిలోని సరోజినీ నాయుడు గృహము, గోల్డెన్ త్రెషోల్డు. బంగారు గడప యను అర్థము గల ఆ పేరు 1905లో వెలువడిన ఆమె కవితాసంపుటిది. వంగ కుటుంబమున హైదరాబాదులో పుట్టి, తెలుగు వైద్యుని పెండ్లాడి, ఇంగ్లీషున కవిత చెప్పిన ఇల్లాలి గడప అది.

నేడు గచ్చిబౌలిలోని ఆ విద్యాలయమున ఆమె పేర కళాపీఠము కలదు. నాట్యము, రంగస్థలము, చిత్రకళ అచట బోధింపబడుచున్నవి. జానపద సంస్కృతికి వేరుగ అధ్యయన కేంద్రమును కలదు. ఇది హర్షింపదగిన విషయము.

అయినను, ఇట్టి కేంద్రములు ఎచట వెలసినను ఒక చిక్కు తప్పదు. ఒగ్గుకథకు మల్లన్న పట్నము కావలెను, డోలు కావలెను, తెల్లవార్లు మేలుకొను శ్రోతలు కావలెను. ఉత్సవ వేదికపై దానికి దక్కునది పావుగంట. డోలు మ్రోగును, చప్పట్లు మ్రోగును, శాలువ కప్పబడును. కథ మాత్రము మొదలు కాకయే ముగియును. వైవిధ్యము రంగుల పట్టికయై నిలుచును.

వేదిక లేకున్న కళయే నశించునని కొందరందురు. ఈ మాటను త్రోసిపుచ్చరాదు. చిందు యక్షగానమును తరతరములుగా మోసినవారు ఊరి వెలుపల నిలుపబడినవారు. ఊరు ఈయని గౌరవమును విద్యాలయ వేదిక ఇచ్చిన, అది అల్పము కాదు. కాని గౌరవము ఒక సాయంత్రముతో తీరు ఋణమా?

ఇందుకు సమాధానము మన సాహిత్య చరిత్రలోనే కలదు. తెలంగాణమున కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డి సభ పెట్టి బదులు చెప్పలేదు. కవులను వెదకి, పద్యములు రప్పించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచికను అచ్చువేసెను. సభలో చెప్పిన బదులు ఆ దినమే మరుగున పడియుండెడిది. అచ్చులోని బదులు నేటికిని నిలిచియున్నది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము ఇపుడు ఆయన పేరనే ఉన్నది. పేరుతోపాటు ఆ పద్ధతియు స్వీకరింపదగినది.

కావున ఏ కేంద్రము విలువనైనను ఉత్సవమున కాక మరునాడు కొలువవలెను. పాడిన కథ పూర్తిగా గ్రంథాలయమున చేరినదా? పాడినవానికి అధ్యాపకునిగా ఆసనమును, వేతనమును దక్కినవా? లంబాడీ తండాలోని బిడ్డ, దక్కనీ ఉర్దూ మాటాడు ఇంటి బిడ్డ తరగతిలో కూర్చుండి తన ఇంటి మాటను పాఠముగా వినుచున్నారా? డోలు కొట్టినవాని కొడుకు ఆ విద్యాలయమున విద్యార్థి కాగలుగుచున్నాడా? వీనికి అవునని చెప్పగలిగిననాడే బంగారు గడప అందరికిని గడప యగును.