ఎండ కూడా ఉపద్రవమే!

తుపాను వస్తోందంటే ఊరంతా మేలుకుంటుంది. వరద కళ్ళకు కనిపిస్తుంది. ఎండ అలా కాదు. చప్పుడు చేయదు, ఇళ్ళు కూల్చదు. అందుకే దాన్ని ఉపద్రవంగా ఎవరూ లెక్కపెట్టరు. "వేసవిలో ఎండ కాయక వెన్నెల కాస్తుందా?" అని సరిపెట్టుకుంటాం.

కాని 2010 మే నెలలో అహమ్మదాబాదులో ఏం జరిగిందో చూడండి. ఉష్ణోగ్రత 46.8 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరింది. ముందు వెనుక సంవత్సరాల మే నెలలతో పోల్చి చూస్తే ఆ ఒక్క నెలలో 1,344 మంది అదనంగా చనిపోయారని తరువాత పరిశోధకులు లెక్క తేల్చారు. 2015 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వడగాడ్పులకు 1,500 మందికి పైగా బలయ్యారు. ఎన్నో తుపానులకు తీసిపోని సంఖ్య ఇది!

ఎండ చంపేదెలా?

మన శరీరం చల్లబడేది ముఖ్యంగా చెమటతోనే. చెమట ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అందుకోసం గుండె రక్తాన్ని చర్మానికి ఎక్కువగా పంపాలి. నీరు, ఉప్పు తగ్గేకొద్దీ రక్తం చిక్కబడి గుండెకు శ్రమ, మూత్రపిండాలకు ముప్పు ఏర్పడతాయి. అందుకే వడగాడ్పుల రోజుల్లో గుండె జబ్బుతోనో, మూత్రపిండాలు చెడిపోయో పోయినవారు ఎందరో ఉంటారు. వారి మరణం ఎండ ఖాతాలో పడదు. విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట త్వరగా ఆరదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకపోయినా అక్కడ ప్రమాదం ఉంటుంది.

ఎండలో తిరిగేవారికే వడదెబ్బ అనుకోవడం పొరపాటు. ఇంట్లో మంచం దిగని ముసలివారికీ తగులుతుంది. వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. పసిపిల్లలు దాహమని చెప్పలేరు.

పట్నంలో ఎందుకు ఎక్కువ?

సిమెంటు డాబాలు, తారు రోడ్లు పగలంతా వేడిని తాగి రాత్రంతా కక్కుతాయి. పల్లెలో వేపచెట్టు కింద మంచం వేసుకుంటే తెల్లవారేసరికి ఒళ్ళు చల్లబడుతుంది. పట్నంలో రేకుల గదిలో పడుకున్నవారికి ఆ విశ్రాంతి దొరకదు. మర్నాడు పాత అలసటతోనే మళ్ళీ ఎండలోకి పోతారు.

అహమ్మదాబాదులోని శారదాబెన్ ఆసుపత్రిలో బాలింతల వార్డు పై అంతస్తులో ఉండేది. ఆ వేసవిలో నవజాత శిశువులు వేడికి జబ్బుపడి ప్రత్యేక వార్డుకు చేరసాగారు. వార్డును కింది అంతస్తుకు మార్చాక అలా చేరే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. కొత్త మందు ఏదీ వాడలేదు, వార్డును కిందికి దించారంతే!

ఆ నగరం 2013లో ఎండల కోసం ఒక ప్రణాళిక తయారు చేసుకుంది. ఎండ ముదరకముందే హెచ్చరిక ఇవ్వడం, 45 డిగ్రీలు దాటే రోజును ఎరుపు రోజుగా ప్రకటించడం, చలివేంద్రాలు పెట్టడం, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఇందులో ఉన్నాయి. దీనివల్ల ఏటా 1,100కు పైగా మరణాలు తప్పి ఉంటాయని 2018లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇందులో మనకు చేతకానిది ఏముంది?

మీరు చేయవలసినవి

ఇంటి కప్పుకు వేసవికి ముందే తెల్ల సున్నం వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. ఇంటి పైకప్పులు చల్లగా ఉంచడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానమే ప్రకటించింది.

మీ వీధిలో ఒంటరిగా ఉండే వృద్ధులు, మంచం పట్టినవారు, గర్భిణులు, పసిపిల్లలున్న రేకుల ఇళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోండి. హెచ్చరిక వచ్చిన రోజున రెండు పూటలా వెళ్ళి పలకరించండి. చల్లని గది ఉన్నవారు మధ్యాహ్నం వారికి కాస్త చోటివ్వండి.

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో డాక్టరును అడగండి. మూత్రం ఎక్కువగా పోవడానికి మాత్రలు వాడేవారు కూడా అడగాలి. సొంతంగా మందులు మానవద్దు.

కూలీలను పెట్టుకున్నవారు పని వేళలు ఉదయానికి, సాయంత్రానికి మార్చండి. కొత్తగా ఎండ పనికి వచ్చినవారికి మొదటి వారం పని తగ్గించండి. ఎండకు ఒళ్ళు అలవాటుపడడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

జేబులో నీరుల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం మనలో ఉంది. ఉల్లిపాయ చెడు చేయదు. కాని దాన్ని నమ్ముకుని మిట్టమధ్యాహ్నం బయలుదేరితే అది కాపాడలేదు.

వడదెబ్బ తగిలితే

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. జ్వరం 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండవచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యపడవద్దు. శ్రమ చేస్తూ పడిపోయినవారికి చెమట ఉన్నా వడదెబ్బ కావచ్చు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలో చుట్టిన మంచు పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ వంటి జ్వరం మాత్రలు ఇక్కడ పనిచేయవు. ఆసుపత్రికి చేరేలోగా మీరు చల్లబరిచే ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

తుపానుకు ముందు బియ్యం, కిరోసిన్ సమకూర్చుకునే అలవాటు మనకుంది. ఎండకూ అలాగే మాఘం, ఫాల్గుణం దాటకముందే కప్పుకు సున్నం వేయించుకోండి, వీధిలో చలివేంద్రానికి నాలుగు కుండలు సిద్ధం చేయండి. పక్కింటి ముసలమ్మ గది తలుపు తట్టడం మాత్రం మరువకండి.